నిద్రించువాని ఊపిరికి సాక్షి

ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మన పెద్దలు చెప్పుదురు. నిద్ర యెరుగనిది సుఖమొక్కటియే కాదు. నిద్రించువాడు తన ఊపిరిని సైతము తానెరుగడు. మెలకువగా నున్నప్పుడు అరనిమిషము ఊపిరాడకున్నచో మనము ఉక్కిరిబిక్కిరియై గిలగిలలాడుదుము. అదే ఊపిరి నిద్రలో అరనిమిషము నిలిచినను, ఒక్క రాత్రిలో వందసార్లు నిలిచినను, తెల్లవారిన పిమ్మట అందొక్కటియు మనకు జ్ఞప్తియందుండదు. తల బరువుగా నున్నదనియు, పగటివేళ కూర్చున్నచోటనే కునుకు వచ్చుచున్నదనియు మాత్రము తోచును. వైద్యులు ఈ వ్యాధికి స్లీప్ ఆప్నియా అని పేరు పెట్టిరి. నిద్రలో ఊపిరి నిలుపుదల యని మనము చెప్పుకొనవచ్చును.

ఇతర వ్యాధులకును దీనికిని ఒక భేదము కలదు. కడుపునొప్పి వచ్చినవాడు తన బాధను తానే చెప్పుకొనును. ఈ వ్యాధి గలవాడు తన బాధకు తాను సాక్షి కాలేడు. మరియొకరు మేల్కొనియుండి, చూచి, చెప్పవలసినదే. మొదట ఆ సాక్షి ప్రక్కన పరుండిన భార్య లేక భర్త. తరువాత వైద్యుడు. ఆ తరువాత ఆసుపత్రిలోని కాగితపు దొంతర. నేడు తలవైపున బల్లపై నుండు ఒక చిన్న యంత్రము. ఈ సాక్షి ఎట్లు పుట్టినది, ఏమేమి చూడనేర్చినది, దాని మాటను ఎంతవరకు నమ్మవచ్చును అను మూడు విషయములను ఈ ప్రసంగమున విచారింతము.

గురక యనగానే మనకు కుంభకర్ణుడు తలపునకు వచ్చును. గురక పెట్టువాడు గాఢముగా, సుఖముగా నిద్రించుచున్నాడని అనుకొనువారు మన యిండ్లలో నేటికిని కలరు. గురక నవ్వుకొనుటకే గాని భయపడుటకు కారణమని చాలకాలము లోకము తలపలేదు. అయినను ప్రాచీన గ్రీకు గ్రంథములలో ఒక విచిత్రమైన కథనము కనబడును. నల్లసముద్రపు తీరముననున్న హెరాక్లియా నగరమును క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దిలో డయొనీసియస్ అను ప్రభువు పాలించెను. అతడు మిక్కిలి స్థూలకాయుడు. ఊపిరి సలుపక మొద్దునిద్రలో పడియుండు అతనిని మేల్కొలుపుటకై వైద్యులు పొడవైన సన్నని సూదులతో అతని ప్రక్కలను, పొట్టను గ్రుచ్చుచుండిరట. సూది కొవ్వును దాటి కండకు తగిలినప్పుడు అతడు మేల్కొనుచుండెనని ఆథీనియస్ అను రచయిత వ్రాసెను. ఆ వైద్యము మోటుదే. అయినను అట్టి నిద్రను విశ్రాంతిగా గాక ఆపదగా చూచి, రాత్రివేళ కాపలా యుంచిన మొదటి వృత్తాంతములలో ఇదియొకటి.

ఊపిరి నిలుపుదలను శాస్త్రదృష్టితో వర్ణించుట పందొమ్మిదవ శతాబ్దిలో ప్రారంభమయ్యెను. 1818లో ఐర్లండు దేశపు డబ్లిన్ నగరమున జాన్ చేన్ అను వైద్యుడు ఒక రోగి కడపటి దినములను కనిపెట్టి చూచెను. ఆ రోగికి ఊపిరి పూర్తిగా ఆగిపోయి, సుమారు పావు నిమిషమునకు మరల సన్నగా మొదలై, క్రమముగా పెరిగి, ఆయాసమై, మరల క్రమముగా తగ్గి ఆగిపోవుచుండెను. సముద్రపు అలవలె ఇది మరల మరల జరుగుచుండెను. అదే నగరమునకు చెందిన విలియమ్ స్టోక్స్ 1854లో గుండెజబ్బులను గూర్చి వ్రాసిన గ్రంథమున ఈ లక్షణమును మరల వివరించెను. అప్పటినుండి దీనికి చేన్-స్టోక్స్ శ్వాస యను పేరు స్థిరపడెను. గొంతులో అడ్డమేమియు లేకున్నను ఊపిరి ఆగవచ్చునని, ఊపిరి పీల్చుమను ఆజ్ఞయే సరిగా రాకపోవచ్చునని, ఈ వర్ణన తరువాతివారికి తెలుపగలిగెను.

మరియొక దారి సాహిత్యమునుండి వచ్చినది. ఛార్లెస్ డికెన్స్ 1836-37లో భాగములుగా ప్రకటించిన పిక్విక్ పేపర్స్ అను నవలలో జో యను లావుపాటి కుర్రవాడొకడు కలడు. నిలుచున్నచోటనే నిద్రపోవుట వాని స్వభావము. 1956లో అమెరికాలో సిడ్నీ బర్వెల్, ఆయన సహచరులు ఒక రోగి వృత్తాంతమును ప్రకటించిరి. ఆ రోగి 51 ఏండ్ల వ్యాపార ఉద్యోగి, స్థూలకాయుడు. పేకాటలో గెలువదగిన ముక్కలు చేతికి వచ్చియున్నను, వానిని వాడుకొనక మునుపే ఆయన నిద్రలోనికి జారిపోయెను. డికెన్స్ నవలను తలచుకొని, ఈ లక్షణములకు పిక్విక్ వ్యాధియని వైద్యులు పేరిడిరి. అధిక శరీరభారము వలన ఊపిరి చాలక, రక్తములో బొగ్గుపులుసు వాయువు నిలువయై, అందువలన పగటి మత్తు కలుగుచున్నదని వారు వివరించిరి. ఆ వివరణలో కొంత సత్యము కలదు. కాని వారు పగటివేళ రోగిని పరీక్షించిరి. అసలు సంగతి రాత్రివేళ జరుగుచుండెను.

రాత్రిని పరీక్షించుటకు పనిముట్లు కావలెను. జర్మనీలో హాన్స్ బెర్గర్ మానవ మస్తిష్కమునందలి విద్యుత్తరంగములను నమోదు చేసి 1929లో ప్రకటించెను. 1953లో చికాగోలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ అనువారు నిద్రలో కనుగ్రుడ్లు వేగముగా కదలు దశ యొకటి కలదని చూపిరి. నిద్ర ఒక మొద్దు చీకటి కాదు, దశలు గల వ్యాపారమని అప్పుడు తేటపడెను. అంతట రాత్రియంతయు రోగి తలకు, కన్నులకు, గడ్డమునకు, గుండెకు తీగలు తగిలించి, ముక్కువద్ద గాలి రాకపోకలను, ఎదురొమ్ము కదలికలను ఏకకాలమున కాగితముపై గీయించుట మొదలాయెను.

1965లో ఫ్రాన్సు దేశపు మార్సెయ్ నగరమున హెన్రీ గస్టో బృందమును, జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో రిచర్డ్ యుంగ్, వోల్ఫ్‌గాంగ్ కూలో అనువారును, వేర్వేరుగా, పిక్విక్ రోగుల నిద్రను ఇట్లు నమోదు చేసిరి. కాగితముపై కనబడినది చూచి అందరును ఆశ్చర్యపడిరి. రోగి నిద్రలోనికి పోవగనే ఊపిరి నిలిచిపోవుచుండెను. కొన్ని సెకనులకు మెదడు ఉలికిపడి, రోగి అరమెలకువకు వచ్చి, పెద్ద గురకతో గాలి పీల్చి, మరల నిద్రించుచుండెను. ఇది రాత్రియంతయు వందలసార్లు జరుగుచుండెను. పగటి మత్తునకు ముఖ్యకారణము రాత్రి నిద్ర ముక్కలగుటయేయని దీనివలన తెలిసెను.

ఆ కాగితములే మరియొక రహస్యమును బయటపెట్టినవి. ఊపిరి నిలుపుదల అంతయు ఒకే జాతి కాదు. కొన్నిసార్లు ఎదురొమ్ము, పొట్ట గాలికొరకు పెనుగులాడుచునే యున్నను ముక్కునుండి గాలి కదలదు. నిద్రలో గొంతు కండరములు సడలి, నాలుక వెనుకకు జారి, దారి మూతపడుటయే దీనికి కారణము. దీనిని అడ్డంకి వలని నిలుపుదల యందుము. మరికొన్నిసార్లు గాలియు కదలదు, ఎదురొమ్మును కదలదు. దారి తెరచియే యున్నను మెదడునుండి ఆజ్ఞ రాదు. దీనిని కేంద్రీయమైన నిలుపుదల యందుము. ఒకదానిలో తలుపు మూసికొనినది. రెండవదానిలో నడువవలసినవాడే బయలుదేరలేదు. వెలుపల నిలిచి చూచువానికి రెండును ఒక్కటే నిశ్శబ్దము. ఈ భేదమే తరువాతి చరిత్రయంతటికిని కీలకమైనది.

1970 తరువాతి దశాబ్దమున ఇటలీలోని బొలోన్యా నగరమున ఎలియో లుగరేసి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున క్రిస్టియన్ గిల్మినో, విలియమ్ డిమెంట్ మున్నగువారు ఈ వ్యాధిని విస్తృతముగా పరిశీలించిరి. స్టాన్‌ఫర్డ్ బృందము 1976లో స్లీప్ ఆప్నియా వ్యాధులను గూర్చి ప్రకటించిన వ్యాసము ప్రసిద్ధమైనది. పది సెకనులు లేక అంతకు మించి గాలి ఆగినచో దానిని ఒక నిలుపుదలగా లెక్కింపవలెనను మర్యాద ఏర్పడెను. గంటకు ఇన్ని నిలుపుదలలు, ఇన్నిసార్లు ఊపిరి సన్నగిలుట అని కూడి చెప్పు సంఖ్యకు తరువాత ఏహెచ్‌ఐ అను పేరు వచ్చెను. నేడు యంత్రములు చూపు ముఖ్యమైన సంఖ్య ఇదియే.

ఆ సంఖ్యను రాబట్టుట ఎంత శ్రమయో ఊహింపుడు. కాగితము సెకనుకు 10 మిల్లీమీటర్ల చొప్పున కదలుచుండగా, ముప్పది సెకనులకొక పుట చొప్పున, ఎనిమిది గంటల నిద్రకు 960 పుటలు, 288 మీటర్ల పొడవు కాగితము అయ్యెడిది. నేర్పుగలవాడొకడు కూర్చుండి ఆ పుటలన్నియు త్రిప్పి, నిలుపుదలలను గుర్తించి, ఏ జాతివో నిర్ణయింపవలసి యుండెను. వ్యాధి తేలినను వైద్యము తేలిక కాదు. గొంతునకు ముందువైపున రంధ్రము చేసి, గాలిగొట్టమును అమర్చుటయే అప్పటి గట్టి వైద్యము. కూలో బృందము 1969లో ఈ పద్ధతిని వర్ణించెను. దానివలన ప్రాణము నిలిచెడిది. కాని జీవితాంతము గొంతులో రంధ్రముతో బ్రతుకుట ఎవరికి ఇష్టమగును?

ఈ ప్రశ్నకు ఆస్ట్రేలియాలో సమాధానము దొరికెను. కొలిన్ సలివన్ అను యువవైద్యుడు కెనడాలోని టొరాంటోలో కుక్కల నిద్రాశ్వాసను పరిశోధించి, సిడ్నీకి తిరిగివచ్చెను. 1980 జూన్‌లో ఆయనకు తటస్థపడిన రోగి నిర్మాణపు పనులు చేయువాడు. గొంతునకు రంధ్రము చేయించుకొనుట కతడు అంగీకరింపలేదు. గాలి ఒత్తిడిని ముక్కుద్వారా లోనికి పంపినచో సడలిన గొంతు గోడలు తెరచుకొని యుండునని సలివన్ తలచెను. దుమ్మును పీల్చు వాక్యూమ్ క్లీనర్ వంటి పరికరపు మోటారును గాలి ఊదునట్లు అమర్చి, రోగి ముక్కునకు తొడుగును జిగురుతో అంటించి ప్రయోగము చేసెను. నిలుపుదలలు ఆగిపోయెను, రోగి గాఢనిద్రలో మునిగెను. ఐదుగురు రోగులపై జరిగిన ఈ పరిశోధన 1981 ఏప్రిల్‌లో లాన్సెట్ పత్రికయందు వెలువడెను. వాడిన ఒత్తిడి 4.5 మొదలు 10 సెంటీమీటర్ల నీటిమట్టమునకు సమానము. పది సెంటీమీటర్లనగా మన చుట్టునున్న వాయుమండలపు ఒత్తిడిలో సుమారు నూరవ వంతు మాత్రమే. ఇంత స్వల్పమైన గాలి గొంతులో ఊతకఱ్ఱవలె నిలిచినది. దీనికే సీపాప్ అని పేరు.

1985 నాటికి అమెరికాలోను, 1989 తరువాత ఆస్ట్రేలియాలో స్థాపితమైన సంస్థ ద్వారాను ఇట్టి యంత్రములు వ్యాపారముగా ఇండ్లకు చేరసాగెను. ఆ తొలి యంత్రములు ఊదుట యెరుగునే గాని వినుట యెరుగవు. ఆసుపత్రిలో ఒక రాత్రి పరీక్షించి నిర్ణయించిన ఒత్తిడినే అవి ప్రతిరాత్రియు ఊదుచుండెను. రోగి బరువు పెరిగినను, వెల్లకిల పరుండినను, జలుబు చేసినను వానికి తెలియదు. వైద్యము ఫలించుచున్నదో లేదో తెలిసికొనవలెనన్నచో మరల ఆసుపత్రికే పోవలెను. ఇంతలో 1993లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఉద్యోగస్థులపై జరిగిన పరిశోధన ప్రకటితమయ్యెను. 30 మొదలు 60 ఏండ్ల వయస్సు గలవారిలో పురుషులు నూటికి 24 మంది, స్త్రీలు నూటికి 9 మంది నిద్రలో గంటకు ఐదు లేక అంతకు మించి శ్వాసలోపములు గలవారనియు, పగటి మత్తును చేర్చి లెక్కించినను పురుషులు నూటికి 4, స్త్రీలు నూటికి 2 అనియు అందు తేలెను. ఇందరికి ఆసుపత్రులలో మంచములు చాలవు. కావున కాపలా యింటికే రావలసివచ్చెను.

అదే 1993లో సిడ్నీకి చెందిన మైకెల్ బెర్తన్-జోన్స్ తన ఒత్తిడిని తానే దిద్దుకొను సీపాప్ సాధ్యమేయని ప్రకటించెను. యంత్రము వినుట నేర్చినది ఇచ్చటనే. దాని చెవి యెట్టిదో చూతము. 1925లో ఆల్‌ఫ్రెడ్ ఫ్లైష్ ఒక కొలపరికరమును వర్ణించెను. సన్నని గొట్టముల గుంపు గుండా గాలి పోవునప్పుడు ముందువైపు ఒత్తిడికిని వెనుకవైపు ఒత్తిడికిని కలుగు స్వల్పభేదమును కొలిచి, గాలి ఎంత వేగముగా పోవుచున్నదో లెక్కించుటయే దాని సూత్రము. నేటి యంత్రములలోను గాలి ప్రవాహమును, ఒత్తిడిని కొలుచు సున్నితమైన చిన్న పరికరములుండును. అవి సెకనుకు అనేక పర్యాయములు కొలుచుచుండును.

అయితే యంత్రము ఊదిన గాలియంతయు రోగి ఊపిరి కాదు. విడిచిన చెడుగాలి బయటకు పోవుటకై ముక్కుతొడుగునకు సన్నని రంధ్రములుండును. వానినుండి ఎంత గాలి పోవునో ఒత్తిడిని బట్టి ముందుగనే తెలియును. తొడుగు అంచు సరిగా ఆననిచోట కారిపోవు గాలి వేరు. యంత్రము ఈ రెంటిని తీసివేసి, మిగిలిన హెచ్చుతగ్గులను ఊపిరిగా గ్రహించును. కడచిన కొన్ని నిమిషముల సగటుతో ఇప్పటి ఊపిరిని పోల్చును. ఊపిరి మిక్కిలి తగ్గి, అట్లే పది సెకనులు నిలిచినచో ఒక నిలుపుదలగా వ్రాసికొనును. కొంతమాత్రము తగ్గినచో సన్నగిలుటగా వ్రాసికొనును. ఇంతకంటె సూక్ష్మమైన సంజ్ఞయొకటి కలదు. ఆరోగ్యముగా పీల్చిన ఊపిరిని గీతగా గీసినచో గుండ్రని కొండశిఖరమువలె నుండును. గొంతు ఇరుకగుచున్నప్పుడు ఆ శిఖరము నరికినట్లు చదునగును. ఆ చదునును, గురక కంపమును కనిపెట్టి, దారి పూర్తిగా మూతపడకమునుపే యంత్రము ఒత్తిడిని కొంచెము పెంచును.

ఇచ్చట పాత చిక్కు మరల తలయెత్తెను. గాలి పూర్తిగా ఆగినప్పుడు గీత అడుగున చదునుగా నుండును. తలుపు మూసికొనినదా, ఆజ్ఞయే రాలేదా? ఆసుపత్రిలో ఎదురొమ్ముకు కట్టిన పట్టీలు ఈ సంగతి చెప్పగలవు. ఇంటి యంత్రమునకు ముక్కువద్ద గాలి తప్ప మరియేదియు తెలియదు. మొదటిదైనచో ఒత్తిడి పెంచవలెను. రెండవదైనచో పెంచుట వ్యర్థము. కొందరిలో ఒత్తిడి పెరుగుటయే అట్టి నిలుపుదలలకు కారణమగును. అందువలన తొలి యంత్రములలో ఒకదాని నిర్మాతలు జాగ్రత్తగా ఒక హద్దు పెట్టిరి. ఒత్తిడి పది సెంటీమీటర్లు దాటిన తరువాత, కేవలము ఊపిరి ఆగినదను కారణమున యంత్రము దానిని ఇంకను పెంచరాదు. తెలియనిచోట చేయి కట్టుకొనుట మేలని వారి భావము.

ఈ చిక్కును విడదీసిన ఉపాయమునకు మూలము చాల పాతది. బర్వెల్ పిక్విక్ రోగిని వర్ణించిన 1956లోనే, ఆర్థర్ డ్యుబాయ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఊపిరితిత్తులలోనికి చిన్న గాలికంపములను పంపి, అవి తిరిగివచ్చు తీరునుబట్టి లోపలి అడ్డును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. అర్ధశతాబ్దము గడచిన తరువాత ఆ పద్ధతి పడకగదికి వచ్చెను. 2010 ప్రాంతమున వెలువడిన యంత్రములలో ఒక జాతి, ఊపిరి ఆగిన కొన్ని సెకనులకు, సెకనుకు నాలుగు పర్యాయముల చొప్పున, ఒక సెంటీమీటరు నీటిమట్టముపాటి మెత్తని గాలికంపములను పంపును. మరియొక జాతి, కంపములకు బదులు ఒకటి రెండు చిన్న తాకుళ్ళను పంపును. రెంటి తర్కమును ఒక్కటే. దారి తెరచియున్నచో ఆ గాలి లోనికి పోయి వచ్చును, ప్రవాహములో అల కనబడును. దారి మూసియున్నచో గోడను తట్టినట్లగును, అల కనబడదు. రోగి మేల్కొనకుండ తలుపు తట్టి, తెరచియున్నదో లేదో తెలిసికొను నేర్పు ఇది. తొడుగునుండి గాలి మితిమీరి కారుచున్నప్పుడు ఏ సంగతియు తేలనిచో, కొన్ని యంత్రములు తెలియనిదియనియే వ్రాసికొనును. ఊహించి చెప్పుటకంటె ఇది మర్యాదగల పని.

చేన్, స్టోక్స్ వర్ణించిన అలవంటి శ్వాసను సైతము నేటి యంత్రములలో అనేకము గుర్తించి, రాత్రి నిద్రలో నూటికి ఎంతపాలు అట్లు గడచినదో చెప్పును. ఒకప్పుడు మరణశయ్యప్రక్కన కూర్చున్న వైద్యుడు గమనించిన లక్షణము నేడు సామాన్యగృహములో ప్రతిరాత్రియు లెక్కకు వచ్చుచున్నది. గుండె బలహీనతకు అదియొక సూచన కావచ్చును గనుక, అది నివేదికలో తరచుగా కనబడినచో వైద్యునకు చూపుట అవసరము.

ఇక నివేదిక సంగతి. మొదట యంత్రము గంటలను మాత్రము లెక్కించెడిది. తరువాత చిన్న జ్ఞాపకపు కార్డులు వచ్చెను. రోగి దానిని వైద్యునికి తీసికొనిపోయెడివాడు. 2014 నాటికి యంత్రములోనే సెల్‌ఫోను వంటి అమరిక చేరెను. రేడియో వినువారికి ఇది వింత కాదు. గాలిలో పోవు తరంగములే ప్రతి ఉదయమున రాత్రి వృత్తాంతమును మోసికొనిపోవుచున్నవి. ఎన్ని గంటలు వాడినది, గాలి ఎంత కారినది, ఒత్తిడి ఎంత వరకు పోయినది, గంటకు ఎన్ని నిలుపుదలలు, అందు మూసిన దారివి ఎన్ని, తెరచిన దారివి ఎన్ని అను సంగతులు వైద్యునికి, రోగి చేతిలోని ఫోనునకు అందుచున్నవి.

ఈ సౌకర్యమునకు మరియొక ముఖము కలదు. అమెరికా ప్రభుత్వపు మెడికేర్ బీమా 2008లో ఒక నిబంధన చేసెను. రోగి మొదటి మూడు నెలలలో వరుసగా ముప్పది దినముల కాలమును తీసికొని, అందు నూటికి డెబ్బది రాత్రులు, రాత్రికి నాలుగు గంటలకు తక్కువ గాకుండ యంత్రమును వాడినట్లు రుజువు కావలెను. లేనిచో యంత్రపు ఖర్చు చెల్లించుట కొనసాగదు. అంతవరకు వ్యాధికి సాక్షిగా నున్న యంత్రము ఇప్పుడు వ్యాధిగ్రస్తుని నడవడికి సాక్షియయ్యెను. తొడుగు ఒరసికొని ముక్కు పుండైనదో, ఇంట పసిబిడ్డ యేడ్పుతో నిద్రయే లేదో ఆ లెక్కకు తెలియదు. గంటలు మాత్రమే తెలియును.

కావున ఈ సాక్షి చూడలేనివి యేవో మనము తెలిసికొనవలెను. మొదటిది, యంత్రము నిద్రను చూడలేదు. మెదడు తరంగములు దానికి అందవు. రోగి కన్నులు తెరచి పైకప్పు చూచుచు పరుండిన గంటను సైతము అది వాడిన గంటగనే భాగహారములో చేర్చును. అందుచే గంటకు లెక్క తక్కువగా కనబడవచ్చును. ప్రక్కకు ఒత్తిగిలునప్పుడు మెలకువలో ఊపిరి బిగబట్టినచో దానిని నిలుపుదలగా పొరబడవచ్చును. రెండవది, రక్తములోని ప్రాణవాయువు ఎంత తగ్గినదో, వ్రేలికి తగిలించు పరికరమును ప్రత్యేకముగా జతచేసిననే గాని, దానికి తెలియదు. మూడవది, కొలబద్దలు ఒక్కటి కావు. ఆసుపత్రిలో గాలి నూటికి తొంబది పాళ్ళు తగ్గిననే నిలుపుదల యందురు. ఒక సంస్థ యంత్రమునకు డెబ్బదియైదు పాళ్ళు చాలును, వేరొకదానికి ఎనుబది కావలెను. నాలుగవది, తలుపు తట్టు ఉపాయమును అన్ని వేళల నమ్మరాదు. మెదడు ఆజ్ఞ రాని నిలుపుదలలోను ఒక్కొక్కప్పుడు గొంతు తనంత తానే మూతపడును. అప్పుడు యంత్రము దానిని అడ్డంకి జాతిగా వ్రాసికొనును. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2013లో ఈ విషయమును చర్చించి, యంత్రము చెప్పు సంఖ్యను ఆసుపత్రి సంఖ్యతో కలగాపులగము చేయరాదనియు, అది గాలి ప్రవాహమునుబట్టి వచ్చిన సంఖ్యయని వేరు గుర్తుతో వ్రాయవలెననియు సూచించెను.

సంఖ్య సరియైనదే యైనను, దాని యర్థము సరిగా తెలియనిచో ప్రమాదమని 2015లో లోకమునకు తెలిసెను. గుండె బలహీనమై, దానితోపాటు కేంద్రీయమైన నిలుపుదలలు గల రోగులకు, ప్రతి ఊపిరిని సరిచూచి లోటును పూరించు మరింత తెలివైన యంత్రమును అమర్చిన పరిశోధన యొకటి జరిగెను. అందు 1,325 మంది పాల్గొనిరి. యంత్రము తన పనిని చక్కగా నెరవేర్చినది. ఏడాదికి నిలుపుదలల లెక్క గంటకు ఏడు లోపునకు దిగినది. నివేదికను మాత్రమే చూచినవారు సంతోషింపవలసినదే. కాని యంత్రము వాడినవారిలో హృద్రోగ మరణములు వాడనివారికంటె హెచ్చైనవి. గుండె ఎడమగది బలము బాగుగా తగ్గిన అట్టి రోగులకు ఆ యంత్రమును వాడరాదని ఆ యేడే హెచ్చరికలు వెలువడెను. నిలుపుదల ఏ జాతిదో గుర్తించుట పండితుల చర్చ కాదని, ప్రాణములకు సంబంధించిన పనియని దీనివలన స్థిరపడెను.

మరుసటి యేడు, 2016లో, మన దేశముతో సహా ఏడు దేశములలో 2,717 మందిపై జరిగిన మరియొక పరిశోధన ఫలితములు వెలువడెను. వీరందరును అంతకుమునుపే గుండె లేక మెదడు రక్తనాళముల వ్యాధి గలవారు. నిద్రలో అడ్డంకి వలని నిలుపుదలలు గలవారు. సీపాప్ వాడుటచే వీరికి మరల గుండెపోటు, పక్షవాతము వంటివి తగ్గినట్లు కనబడలేదు. కాని గురక, పగటి మత్తు తగ్గెను. మనస్సు, జీవితము మెరుగుపడెను. ఇంతకును వారు యంత్రమును సగటున రాత్రికి 3.3 గంటలు మాత్రమే వాడిరి. ఈ సంగతి తెలిపినవి యంత్రములలోని లెక్కలే. ఆ లెక్క లేకున్నచో వైద్యము చాలలేదా, వాడుక చాలలేదా అను ప్రశ్నయే పుట్టియుండదు. సాక్షి మాట ఎంత విలువైనదో ఇందువలన తెలియును.

2019లో ప్రకటితమైన ఒక గణన ప్రకారము, ప్రపంచమున 30 మొదలు 69 ఏండ్ల వారిలో సుమారు 93.6 కోట్ల మందికి ఏదో యొక స్థాయిలో ఈ వ్యాధి కలదు. అందు చాలమందికి ఆ సంగతియే తెలియదు. మన యిండ్లలో గురక నడుమ ఊపిరి ఆగి, ఉలికిపడి మరల గురక మొదలగుట వినినచో, దానిని నవ్వులాటగా విడువక వైద్యునికి చెప్పుట ప్రక్కనున్నవారి ధర్మము. పగలు బండి నడుపువారికి కునుకు వచ్చుచున్నచో అది మరింత అవసరము.

యంత్రమును వాడుచున్నవారు ఉదయమున కనబడు ఒక్క సంఖ్యను చూచి పొంగనక్కరలేదు, క్రుంగనక్కరలేదు. ఒక రాత్రి లెక్కకంటె కొన్ని వారముల తీరు ముఖ్యము. గాలి కారుట హెచ్చైననాటి సంఖ్యను అంతగా నమ్మరాదు. తెరచిన దారి నిలుపుదలలు, అలవంటి శ్వాస పెరుగుచున్నట్లు కనబడినచో, తమంతతాము ఒత్తిడిని మార్చుకొనక, ఆ నివేదికతోనే వైద్యుని యొద్దకు పోవలెను. సంఖ్య బాగుగానున్నను పగటి మత్తు తీరనిచో ఆ సంగతియు చెప్పవలెను. ఏలయన రాత్రికి సాక్షి యంత్రమైనను, పగటికి సాక్షి రోగియే. ఈ యిద్దరి మాటలను కలిపి విని తీర్పు చెప్పవలసినవాడు వైద్యుడు. సూదితో గ్రుచ్చు కాపలా నుండి మెత్తగా తలుపు తట్టు కాపలా వరకు మానవుడు చాలదూరము నడచెను. ఆ కాపలా చెప్పినదానిని శ్రద్ధగా విని, తెలిసినవారిచే అర్థము చేయించుకొనుట మన వంతు.